తీరిక వేళ: పనిముట్లు పదిహేడు, పాటలు పదకొండు



కిందటి సంచికలో పెరటి కూరగాయల పెంపకం గూర్చి వ్రాసినప్పుడు, "ఊరందరి అభిరుచులూ వ్రాస్తున్నారు, మీ సొంత వ్యసనాన్ని గూర్చి ఎప్పుడు వ్రాస్తారు?" అని ఒక మిత్రుడు క్యాంటీనులో నలుగురి ఎదుట అడిగాడు. నలుగురూ నవ్వారు. తప్పించుకొనే వీలు లేకపోయింది. అందుచేత ఈ నెల శీర్షికను నా ఒప్పుకోలుకే కేటాయిస్తున్నాను.

నా వ్యసనం పేకాట కాదు, పొగాకు కాదు. కనుక ఇంట్లో ఎవరూ చాలాకాలం దాన్ని వ్యసనంగా గుర్తించలేదు. కంప్యూటరులో పాటను రికార్డు చేసే సాఫ్ట్‌వేర్లను, పాటకు స్వరలిపి వ్రాసే సాఫ్ట్‌వేర్లను సేకరించడమే ఆ వ్యసనం.

చిన్ననాట విజయనగరంలో నాలుగేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను. ద్వారం వెంకటస్వామినాయుడుగారి పేరు వినబడని వీధి లేని ఊరది. ఉద్యోగరీత్యా భిలాయి చేరిన తరువాత షిఫ్టు డ్యూటీల నడుమ కమాను పెట్టెలోనే ఉండిపోయింది. ఇంటికి కంప్యూటరు వచ్చిన నాడు పాత ఆశ మళ్లీ చిగురించింది. సాధన మొదలుపెట్టే ముందు, ఆ సాధనను రికార్డు చేసుకొని తప్పులు దిద్దుకోవడానికి మంచి సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటే బాగుంటుంది కదా అనుకున్నాను. ఆ 'ముందు' అన్న మాటే నా కొంప ముంచింది.

మొదట ఆడాసిటీ వచ్చింది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రూపు దిద్దుకొని 2000లో విడుదలైన ఈ ప్రోగ్రాం పూర్తిగా ఉచితం. పాటను పట్టి, తప్పును కత్తిరించి, దాచిపెట్టడానికి అది ధారాళంగా చాలు. కాని చాలుననుకొన్నవాడు సేకర్త కాలేడు కదా! దాని వెనుక కేక్‌వాక్, రీపర్, ఆర్డర్, ఎల్.ఎం.ఎం.ఎస్., క్యూబేస్ వచ్చాయి. ఎఫ్.ఎల్. స్టూడియో, స్టూడియో వన్, ఏబుల్‌టన్ లైవ్ వాటిని అనుసరించాయి. ఇవి తొమ్మిదీ రికార్డింగు జాతి. స్వరలిపి జాతిలో ఫినాలే, సిబేలియస్, మ్యూజ్‌స్కోర్, లిలీపాండ్, డోరికో, ఎన్‌కోర్, నోట్‌వర్దీ కంపోజర్ ఉన్నాయి. మన కర్ణాటక స్వరాలను టైపు చేస్తే వినిపించే 'గాయక' అనేది ఎనిమిదవది. వీటిలో కొన్ని ఉచితం, కొన్ని సదుపాయాలు కుదించి నమూనాగా ఇచ్చేవి, రెండు మూడు మాత్రం బోనసు డబ్బుతో కొన్నవి. మొత్తం పదిహేడు.

ఇంట్లోని పిల్లల కొరకు ఈ రెండు జాతుల భేదం ఒక మాటలో చెబుతాను. రికార్డింగు సాఫ్ట్‌వేర్ ధ్వనిని ఉన్నది ఉన్నట్లు పట్టి ఉంచుతుంది. గొంతులోని వణుకు, ఊపిరి, పక్కగదిలో దగ్గు, అన్నీ అందులో ఉంటాయి. స్వరలిపి సాఫ్ట్‌వేర్ ధ్వనిని పట్టదు. ఏ స్వరం, ఎంత సేపు, ఏ తాళం అన్న లెక్కను కాగితం మీదికి తెస్తుంది. మొదటిది ఫొటో అయితే రెండవది ఇంటి ప్లాను. ఫొటో చూసి ఇల్లు కట్టలేము, ప్లాను చూసి ఇంటి గోడల రంగు చెప్పలేము. కనుక రెండూ కావలసినవే. అయితే ఒక్కొక్కటి చాలు. పదిహేడు ఎందుకన్నది ప్రశ్న.

ఇక్కడ నా ఉద్యోగాన్ని గూర్చి చెప్పక తప్పదు. నేను స్టోర్సు విభాగంవాణ్ణి. సంవత్సరాల తరబడి ఇష్యూ కాకుండా అరల్లో పడి ఉన్న సామగ్రిని 'నాన్ మూవింగ్' అని గుర్తించి జాబితా వ్రాయడం మా పని. ఏ షాపు నుంచి ఇండెంటు వచ్చినా, "పాతది వాడారా? ఉన్నది ఎందుకు చాలలేదు?" అని అడిగి మిత్రుల చేత తిట్లు తిన్నవాణ్ణి. అటువంటివాడి ఇంట్లో కంప్యూటరు తెరచి చూస్తే పదిహేడు సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిలో పద్నాలుగింటి మీద ఒక్క పాట కూడా పూర్తి కాలేదు! చెప్పేవాడికి చేసేవాడు లోకువ అంటారు. నా విషయంలో చెప్పేవాడూ నేనే, చేయనివాడూ నేనే.

ఇది ఇంతవరకే అయితే నవ్వుకొని ఊరుకొనేవాళ్లం. ఇక నవ్వలేని భాగం చెబుతాను.

కొన్నేళ్ల క్రితం ఒక శీతాకాలం మా పెద్దమ్మ శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి వచ్చి మూడు నెలలు మా క్వార్టరులో ఉన్నది. ఆమె బడికి వెళ్లినది కాదు. నలుగు పాటలు, తలుపు దగ్గర పాటలు, అప్పగింతల పాటలు, రోకటి పాటలు, మంగళహారతులు, ఉయ్యాల పాటలు అన్నీ కలిపి నూరు దాకా ఆమెకు కంఠతా వచ్చు. వాటిలో కొన్ని ఆమె అత్తగారి వద్ద నేర్చినవి. ఆ ఊళ్లో మరెవరికీ రావని ఆమే చెప్పింది. వీటన్నిటినీ రికార్డు చేసి, స్వరపరచి, ఒక చిన్న పుస్తకంగా కుట్టించి బంధువులకు పంచాలని నా సంకల్పం. ఆమె కూడా సంతోషించింది.

మొదటి వారం మైకు కొన్నాను. రెండవ వారం ఏ సాఫ్ట్‌వేరులో ధ్వని శుభ్రంగా వస్తుందో పోల్చి చూడడం మొదలుపెట్టాను. ఒకదానిలో మైకు పలికితే తెర మీద గీత ఆలస్యంగా కదిలేది. మరొకదానిలో హిస్సుమని శబ్దం. ఇంకొకదానిలో అన్నీ బాగున్నాయి గాని, దాన్ని నేర్చుకోవడానికి నలభై పాఠాల వీడియో చూడవలసి ఉన్నది. డ్యూటీ నుంచి వచ్చి రాత్రి పది వరకు ఆ పాఠాలు చూసేవాణ్ణి. పెద్దమ్మ భోజనం ముగించి, శాలువ కప్పుకొని, ఎదుటి కుర్చీలో కూర్చొని ఎదురు చూసేది.

"ఒరే నాయనా, నీ పెట్టి ఇంకా తయారవనేదేట్రా?"

"రేపు పెద్దమ్మా, రేపు తప్పకుండా."

ఆ రేపు రాకుండానే సంక్రాంతి వచ్చింది. ఆమెకు ఊరి మీద గాలి మళ్లింది. రాయపూర్‌లో రైలెక్కించి, రాయగడ మీదుగా విజయనగరం చేర్చి వచ్చాను. వేసవిలో నేనే యంత్రం పట్టుకొని వస్తానని మాట ఇచ్చాను. వేసవికి నేను వెళ్లాను. యంత్రం సిద్ధంగానే ఉన్నది, సాఫ్ట్‌వేరూ కుదిరింది. కాని వైశాఖ మాసం రాకముందే ఆమెకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నా చేయి పట్టుకొని ఏదో పాట ఎత్తుకోబోయింది. పెదవులు కదిలాయి గాని వరుస రాలేదు. మరుసటి ఏడు ఆమె కాలం చేసింది.

తిరిగి వచ్చిన తరువాత మా అమ్మాయి తన పాత ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. పెద్దమ్మ మా ఇంట ఉన్నప్పుడు, నేను కంప్యూటరు ముందు కూర్చున్న ఆ సాయంత్రాలలోనే, వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆమె పాడుతూ ఉంటే పిల్ల ఊరికే సరదాగా ఫోనులో పట్టింది. పదకొండు పాటలు. వాటిలో నాలుగు సగం సగమే. ఒక తలుపు పాట మధ్యలో కుక్కరు కూత వేస్తుంది. మరొక దానిలో మా శ్రీమతి "ఉప్పు వేశావా?" అని అడుగుతుంది. పదిహేడు సాఫ్ట్‌వేర్ల సేకర్త ఇంట్లో మిగిలిన సంపద ఆ పదకొండు పాటలే. అవి కూడా ఆ పదిహేడింటిలో దేనితోనూ పట్టినవి కావు.

మా శ్రీమతి ఆ నాడు నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే తేలికగా ఉండేది.

మిత్రులారా, వరుస పోవడమంటే ఏమిటో మన జాతికి అనుభవమే. పదిహేనవ శతాబ్దిలో అన్నమాచార్యులు పాడిన సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమలలో భద్రపరచారు. లోహాన్ని నమ్ముకొన్న మన ఊరివారికి ఆ జాగ్రత్త విలువ వేరే చెప్పనవసరం లేదు. రాగి శతాబ్దాలు నిలిచింది. సాహిత్యం నిలిచింది, ప్రతి పాటకూ రాగం పేరు కూడా నిలిచింది. కాని ఆయన పాడిన వరుస మాత్రం రేకుల మీదికి ఎక్కలేదు. నేడు మనం వింటున్న వరుసలలో అత్యధిక భాగం ఇరవయ్యవ శతాబ్దిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు తిరిగి కూర్చినవే. వారి కృషి మహత్తరమైనది. అయినా అన్నమయ్య నోట వచ్చిన వరుస తిరిగి రాదు.

దీనికి ఎదురుగా మరొక ఉదాహరణ ఉన్నది. 1904లో తమిళదేశంలోని ఎట్టయపురంలో తెలుగు లిపిలో ఒక మహాగ్రంథం అచ్చయింది. ముత్తుస్వామి దీక్షితుల వంశీయుడైన సుబ్బరామ దీక్షితులు రచించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అది. ఆయన 1839లో జన్మించారు. అంటే గ్రంథం వెలువడే నాటికి అరవై దాటిన వృద్ధులు. మన సంగీతాన్ని పాశ్చాత్య స్వరలిపిలో ముద్రించాలని 1890లలో పూనుకొన్న చిన్నస్వామి మొదలియారు ఆయనను ఈ పనికి ప్రోత్సహించారు. దీక్షితులవారు స రి గ మ లనే తెలుగు అక్షరాలలో ఉంచి, కంపితం, స్ఫురితం, జారు మొదలైన గమకాలకు వేర్వేరు గుర్తులు ఏర్పరచారు. ఆయన ఎదుట ఉన్నవి కలం, కాగితం, ఒక అచ్చుయంత్రం. 1906లో ఆయన పరమపదించారు. ఆయన కూడా ఇంకా మంచి అచ్చు రానీ అని రెండేళ్లు ఆగి ఉంటే, నేడు దీక్షితుల కృతులను గూర్చి విద్వాంసులు ఏ గ్రంథం తెరచి చూసేవారు?

అంత దూరం పోనక్కరలేదు. మన భిలాయి సమీపంలోని గనియారీ గ్రామంలో పుట్టి, మన కర్మాగారంలోనే ఉద్యోగం చేసిన పండవానీ కళాకారిణి తీజన్ బాయిగారు ఉన్నారు. మాతామహులు పాడుతుండగా విని ఆమె మహాభారత కథలను కంఠస్థం చేశారు. చేత తంబూర పట్టి దేశదేశాలలో వినిపించారు. 2019లో పద్మవిభూషణ్ పురస్కారం అందుకొన్నారు. ఆమె బడి చదువు చదివినవారు కారు, స్వరలిపి నేర్చినవారూ కారు. ఆమె వద్ద ఉన్న సాధనం ఒక్క తంబూర. దానితో ఆమె ఏం చేయగలరో మనలో అనేకులం కళ్లారా చూశాము.

అయితే మనిషి పనిముట్లు ఎందుకు పోగు చేస్తాడు? నన్ను నేను పరీక్షించుకొని తెలుసుకొన్నది చెబుతాను. నిజమైన పని కష్టం. పెద్దమ్మ పాడిన నాలుగు ఆవృత్తాలు పదే పదే విని, ఈ జారు గాంధారం నుంచా, మధ్యమం నుంచా అని తేల్చుకోవడం కష్టం. అక్కడ నా నాలుగేళ్ల చదువు చాలదు. ఆ లోటు ఏ సాఫ్ట్‌వేరూ పూడ్చదు. స్వరలిపి ప్రోగ్రాములు ప్రధానంగా పియానో మెట్ల లెక్కలో నడిచేవి. స్వరానికీ స్వరానికీ నడుమ మన గొంతు నడిచే దారిని అవి వాటంతట అవి వ్రాయలేవు. కాని కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి, దాని మీటలు నేర్చుకొంటుంటే పని జరుగుతున్నట్లే ఉంటుంది. సాయంత్రం గడుస్తుంది, తృప్తి కలుగుతుంది, పాట మాత్రం పుట్టదు. పూర్వం టేపురికార్డరు కొనాలంటే జీతంలో పెద్ద భాగం పోయేది గనుక ఒకటే కొని, దానితోనే సర్దుకొనేవారు. ఇప్పుడు ఉచితంగా దొరుకుతుంది గనుక ఎన్నింటికైనా చోటుంది. ఉచితమన్న మాట డబ్బుకే వర్తిస్తుంది. సాయంత్రాలకు వర్తించదు.

మరొక భ్రమ కూడా ఉన్నది. మంచి సాఫ్ట్‌వేరులో భద్రపరిస్తే శాశ్వతమని అనుకొంటాము. 1988లో వచ్చిన ఫినాలే ముప్పయ్యయిదేళ్లకు పైగా స్వరలిపి రంగంలో అగ్రగామి. 2024 ఆగస్టులో దాన్ని ఇక అభివృద్ధి చేయబోమని ఆ సంస్థ ప్రకటించింది. ప్రపంచమంతటా స్వరకర్తలు తమ పాత ఫైళ్లను మరొక రూపంలోకి మార్చుకొనే పనిలో పడ్డారు. 1987లో మొదలైన కేక్‌వాక్‌ను 2017 నవంబరులో దాని యజమాని సంస్థ నిలిపివేసింది. 2018లో సింగపూరు సంస్థ ఒకటి తీసుకొని కొనసాగించింది. పెద్ద సంస్థల సరుకుకే ఈ గతి పడితే, సాఫ్ట్‌వేర్ మీద మమకారం ఎంతవరకు ఉండాలో గ్రహించవచ్చు. సాఫ్ట్‌వేర్ పోతే మరొకటి వస్తుంది. పాడే మనిషి పోతే మరొకరు రారు. నేను ఈ రెండింటినీ తారుమారు చేసి, తిరిగి వచ్చేదాని కొరకు తిరిగి రానిదాన్ని వేచి ఉండమన్నాను.

ఆ తరువాత నేను చేసిన పని చెబుతాను. ఒక ఆదివారం మా స్టోర్సు పద్ధతిలోనే జాబితా వ్రాశాను. ఏది ఎప్పుడు కొన్నాను, చివరిసారి ఎప్పుడు తెరిచాను, దానిపై ఎన్ని పాటలు పూర్తి అయ్యాయి అని మూడు గడులు గీశాను. మూడవ గడిలో సున్న ఉన్నవాటిని తొలగించాను. రికార్డింగుకు ఆడాసిటీ, స్వరలిపికి మ్యూజ్‌స్కోర్ ఉంచుకొన్నాను. రెండూ ఉచితమే. పాత ఫైళ్లు తెరవడానికి మాత్రం ఒక ప్రోగ్రామును ఉంచాను. కర్మాగారంలో ఎన్నడూ కదలకపోయినా అత్యవసరానికి ఉంచుకొనే 'ఇన్సూరెన్సు స్పేర్' వంటిది అది. మూడే మిగిలాయి. కంప్యూటరు తేలికయింది, మనసు కూడా.

ఈ అభిరుచి ఉన్నవారికి, కొత్తగా మొదలుపెట్టేవారికి నా అనుభవం నేర్పిన నాలుగు మాటలు.

మొదట పాటను పట్టండి, తరువాతే సాఫ్ట్‌వేర్ వెతకండి. చేతిలోని ఫోను చాలు. కాల్స్ రాకుండా చేసి, ఫ్యాను ఆపి, పాడేవారి ఎదుట మూరెడు దూరంలో ఒక మెత్తని గుడ్డ మీద ఉంచండి.

పాటకు ముందు పాడేవారి చేతనే పేరు, ఊరు, తేదీ, ఆ పాట ఏ సందర్భంలో పాడతారు, ఎవరి వద్ద నేర్చుకొన్నారు అన్నవి చెప్పించండి. ఇరవై ఏళ్ల తరువాత పాట ఎంత విలువైనదో ఈ నాలుగు మాటలూ అంతే విలువైనవి.

రికార్డును కుదించని 'వేవ్' రూపంలో ఒక ప్రతి ఉంచండి. సి.డి. నాణ్యతలో ఒక గొంతుకు నిమిషానికి సుమారు 5 మెగాబైట్లు మాత్రమే పడుతుంది. నూరు పాటలు కూడా ఒక చిన్న పెన్‌డ్రైవులో ఇముడుతాయి. ఒక ప్రతి మీ వద్ద, మరొక ప్రతి వేరే ఊళ్లోని బంధువుల వద్ద ఉండాలి.

స్వరాలను ముందు నోటుపుస్తకంలో చేతితో వ్రాయండి. శ్రుతి, తాళం, ఎత్తుగడ గుర్తించండి. తరువాత సాఫ్ట్‌వేరులోకి ఎక్కించినప్పుడు దాని సొంత ఫైలుతో పాటు, అనేక ప్రోగ్రాములు చదవగలిగే మ్యూజిక్ ఎక్స్.ఎం.ఎల్. రూపంలోనూ, పి.డి.ఎఫ్. రూపంలోనూ దాచండి. కాగితం మీద కూడా ఒక ప్రతి తీయండి. కాగితానికి కొత్త వెర్షన్ అక్కరలేదు.

చివరగా మన ఊరి సంగతి. 1955లో సోవియట్ దేశంతో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్టు ఫర్నేసు వెలిగిన నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి మనవారు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. వారితో వచ్చిన తల్లులు, అత్తగార్లు మూటలో పెట్టుకొని తెచ్చిన పాటలు ఈ సెక్టార్ల ఇళ్లలోనే ఉన్నాయి. ఆ తరంవారికి ఇప్పుడు ఎనభై ఏళ్లు దాటాయి. మనుమలు, మనుమరాళ్లు తెలుగు మాట్లాడతారు గాని చాలామంది చదవలేరు, నాగరి లిపిలోనే వ్రాసుకొంటారు. అంటే ఈ ఊళ్లో తెలుగు పాటకు రెండు వైపుల నుంచీ గడువు దగ్గర పడుతున్నది. అందుచేత మా పదకొండు పాటలను నేను రెండు లిపులలోనూ వ్రాస్తున్నాను. ఇప్పటికి ఏడు పూర్తి అయ్యాయి. గాంధారమో మధ్యమమో తేలనిచోట ప్రశ్న గుర్తు పెట్టి ముందుకు సాగుతున్నాను. కుక్కరు కూతను తీసివేసే ఉపాయం నాకు తెలుసు. కాని మా అమ్మాయి తీయవద్దన్నది, తీయలేదు.

వచ్చే ఆదివారం మీ ఇంట్లోని పెద్దావిడను ఒక పాట పాడమని అడగండి. గొంతు బాగాలేదంటారు, మరచిపోయామంటారు. అయినా అడగండి. ఫోను పక్కన పెట్టి, ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని మాత్రం ఆలోచించకండి. ఆ ఆలోచన మీ అందరి తరఫున నేను ఇప్పటికే చేసి ఉన్నాను.

వచ్చే సంచికలో మరొక అభిరుచితో కలుసుకొందాం.